పార్కిన్సన్స్ మందులు: మోతాదు, వేళ, దుష్ప్రభావాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారికి పార్కిన్సన్స్ (కంపవాతం) ఉందని తేలి పన్నెండేళ్ళయింది. ఆయన మాత్రల డబ్బా నింపే పని మొదటినుంచీ నాదే. ఈ పన్నెండేళ్ళలో బంధువులు, ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్నవాళ్ళు, వాళ్ళ దగ్గర నంబరు తీసుకుని ఫోను చేసినవాళ్ళు అడిగిన ప్రశ్నలే ఇవి. నేను డాక్టరును కాను. మోతాదు పెంచడం, తగ్గించడం, మాత్ర మార్చడం మీ న్యూరాలజిస్టు చేతిలోనే ఉండాలి. అయితే డాక్టరు మనిషిని చూసేది మూడు నెలలకోసారి, పది నిమిషాలు. మిగిలిన కాలమంతా చూసేది ఇంట్లోవాళ్ళు. మనం చూసింది ఆయనకు పనికొచ్చేలా అందితేనే మోతాదు సరిగ్గా కుదురుతుంది.

సిండోపా 110, 125, 275 అంటారు. ఈ అంకెలకు అర్థం ఏమిటి? అంకె పెద్దదైతే మందు బలమైనదా?

సిండోపా ఈ జబ్బుకు ఇచ్చే మాత్ర. అందులో రెండు మందులుంటాయి: లెవోడోపా, కార్బిడోపా. అంకె ఆ రెండింటి మొత్తం. 110లో 100 మిల్లీగ్రాముల లెవోడోపా, 10 కార్బిడోపా ఉంటాయి. 125లో లెవోడోపా అదే 100, కార్బిడోపా మాత్రం 25. 275లో 250 లెవోడోపా, 25 కార్బిడోపా. కాబట్టి 110 నుంచి 125కు మారిస్తే మెదడుకు పనికొచ్చే మందు పెంచినట్టు కాదు, దానికి తోడుగా వెళ్ళే రక్షణ పెంచినట్టు. 125 నుంచి 275కు మారితే మాత్రం లెవోడోపా ఒక్కసారిగా రెండున్నర రెట్లవుతుంది. మందుల దుకాణంలో ‘అది లేదు, ఇది తీసుకోండి, రెండూ ఒకటే’ అంటే ఒప్పుకోవద్దు. స్ట్రిప్పు మీద ఉన్న రెండు అంకెలూ చదివి, చీటీతో పోల్చుకున్నాకే డబ్బు కట్టండి.

కార్బిడోపా ఎందుకంటే, లెవోడోపా మెదడుకు చేరకముందే దారిలో, అంటే పేగుల్లో, రక్తంలో, డోపమిన్‌గా (కదలికలను నడిపే మెదడు రసాయనం, ఈ జబ్బులో తగ్గేది అదే) మారిపోతే వాంతులు, తలతిప్పు తప్ప ప్రయోజనం ఉండదు. ఆ మార్పును కార్బిడోపా అడ్డుకుంటుంది. అది పూర్తిగా పనిచేయాలంటే రోజుకు 70 నుంచి 100 మిల్లీగ్రాములు కావాలి. 110 మాత్రలు మూడు వేస్తే అందేది 30 మాత్రమే. 125 మాత్రలు మూడు వేస్తే 75.

మందు తొందరగా మొదలుపెడితే కొన్నేళ్ళకు పనిచేయడం మానేస్తుందట. ఆగగలిగినంత కాలం ఆగమంటున్నారు. నిజమేనా?

ఈ మాట నమ్మి మా నాన్నగారు దాదాపు రెండేళ్ళు మాత్ర ముట్టుకోలేదు. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టేది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేలోపు సగం జారిపోయేది. నలుగురిలో తినాల్సి వస్తుందని పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు. ఆ రెండేళ్ళు ఊరికే పోయాయని నాకు ఇప్పటికీ బాధే.

మందు అరిగిపోదు, జబ్బు ముదురుతుంది. మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు తగ్గేకొద్దీ, వచ్చిన మందును నిలవ ఉంచుకుని కొంచెం కొంచెంగా వాడుకునే శక్తి తగ్గుతుంది. అందువల్ల మోతాదుల మధ్య ఎగుడుదిగుళ్ళు వస్తాయి. ఘనాలో మందు అందుబాటులో లేక చాలామంది ఏళ్ళ తరబడి ఆలస్యంగా లెవోడోపా మొదలుపెట్టారు. వాళ్ళను ఇటలీలో ముందే మొదలుపెట్టినవారితో పోల్చి చూస్తే, ఈ ఎగుడుదిగుళ్ళు ఇద్దరికీ జబ్బు వయసును బట్టే వచ్చాయి, మందు వయసును బట్టి కాదు. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిగి, 2019లో ఫలితాలు వెలువడిన పరీక్షలో కొందరికి వెంటనే, కొందరికి 40 వారాల తర్వాత మందు ఇచ్చారు. ముందు తీసుకున్నవారికి జబ్బు నెమ్మదించలేదు, నష్టమూ జరగలేదు. పనులు చేసుకోవడం కష్టమైనప్పుడు మందు ఆపి కూర్చోవడం వల్ల దాచుకునేది ఏమీ ఉండదు.

మాత్ర భోజనానికి ముందా, తర్వాతా?

అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. చీటీ మీద ‘1–1–1’ అని ఉంటే మన ఇళ్ళలో దాన్ని టిఫిను తర్వాత, అన్నం తర్వాత, మళ్ళీ అన్నం తర్వాత అనే చదువుకుంటాం. లెవోడోపాకు ఆ అలవాటు సరిపడదు.

లెవోడోపా చిన్నపేగులో రక్తంలోకి ఎక్కుతుంది. మాంసకృత్తులు జీర్ణమైతే వచ్చే అమైనో ఆమ్లాలు కూడా అదే దారిలో ఎక్కుతాయి, మెదడులోకి వెళ్ళేదీ అదే దారి. పప్పన్నం, పెరుగన్నం, కోడిగుడ్డు, చేప, మాంసం తిన్నవెంటనే మాత్ర వేస్తే రెండూ ఒకే గుమ్మంలో తోసుకుంటాయి, వెనకబడేది మాత్రే. అందుకే తినడానికి కనీసం అరగంట ముందు, లేదా తిన్న గంట తర్వాత గ్లాసెడు నీళ్ళతో వేయాలంటారు. పరగడుపున వేస్తే సాధారణంగా అరగంట నుంచి గంటలోపు మందు పడుతుంది.

జబ్బు తొలి రోజుల్లో ఈ తేడా చాలామందికి తెలియదు, భయపడి పప్పు మానేయనక్కరలేదు. తర్వాతి ఏళ్ళలో, ‘మధ్యాహ్నం మాత్ర వేసినా వేయనట్టే ఉంది’ అని అనిపించినప్పుడు పళ్ళెంలోకి చూడాలి. మా ఇంట్లో పెసరట్టు వేసిన రోజు ఉదయం పది గంటల నడక తేలిపోయేది. ఇడ్లీ, పల్లీ పచ్చడి రోజు కూడా అంతే. పచ్చడి తగ్గించి, మాత్రకు, టిఫినుకు మధ్య ముప్పావుగంట ఇచ్చాక ఆ పది గంటల నడక తిరిగివచ్చింది. మాంసకృత్తులు పూర్తిగా మాన్పించడం మాత్రం పొరపాటు. ఈ జబ్బులో ఒళ్ళు ఎలాగూ తగ్గుతుంది, కండ కరిగితే పడిపోవడం ఎక్కువవుతుంది. పప్పు, గుడ్డు ఎక్కువగా రాత్రి భోజనానికి జరపడం కొందరికి కుదురుతుంది. రాత్రి మంచంలో తిరగలేక ఇబ్బందిపడేవారికి అదీ కుదరదు. ఎవరికి ఏది కుదిరిందో నాలుగు రోజులు రాసి చూడాల్సిందే.

రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటికీ లెవోడోపాకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ దాన్ని పేగులోనే పట్టుకుని వదలదు. మలబద్ధకం ఉంటే మందు పట్టడం కూడా ఆలస్యమవుతుంది. దాన్ని చిన్న విషయంగా వదలకండి.

మాత్ర మొదలుపెట్టగానే వికారం, వాంతులు. ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపవద్దు, డాక్టరుకు ఫోను చేయండి. తక్కువతో మొదలుపెట్టి వారాల తరబడి నెమ్మదిగా పెంచితే చాలామందికి అలవాటవుతుంది. మొదటి వారాల్లో రెండు మేరీ బిస్కెట్లతోనో, కొద్దిగా అటుకులతోనో వేసుకోవచ్చు. మందు కొంచెం ఆలస్యంగా పట్టినా కడుపు ఓర్చుకుంటుంది. కార్బిడోపా చాలకపోతే డాక్టరు మాత్ర మారుస్తారు. అవసరమైతే డోంపెరిడోన్ రాస్తారు. గుండె జబ్బు ఉన్నవారికి దానికి ముందు ఈసీజీ చూడాలి.

వాంతులకు ఇంట్లో ఉన్న ఏదో మాత్ర మాత్రం వేయకండి. కారణం కింద ‘వేరే డాక్టర్లు’ ప్రశ్నలో ఉంది.

ఒక మోతాదు మరిచిపోతే?

గుర్తొచ్చిన వెంటనే వేయవచ్చు. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే మాత్రం పోయినదాన్ని వదిలేయాలి. రెండూ కలిపి వేస్తే ఒళ్ళు మెలికలు తిరగడం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. ఫోనులో అలారం పెట్టండి. వేళకు మాత్ర వేసుకోవడం ఈ జబ్బులో సగం వైద్యం.

మునుపు ఒక మాత్ర ఆరు గంటలు నిలిచేది. ఇప్పుడు మూడు గంటలకే చేయి వణుకుతోంది, కాలు లేవడం లేదు. ఎందుకు?

దీన్ని డాక్టర్లు ‘వేరింగ్ ఆఫ్’ అంటారు, ఇంట్లో మనం మందు దిగిపోయింది అంటాం. లెవోడోపా రక్తంలో సగానికి తగ్గడానికి పట్టేది గంట, గంటన్నర. మొదట్లో మెదడు దాన్ని దాచుకుని నిలబెడుతుంది. దాచుకునే కణాలు తగ్గాక మనిషి పూర్తిగా గడియారం మీద ఆధారపడతాడు. చికిత్స మొదలైన నాలుగు నుంచి ఆరేళ్ళలో పదిమందిలో సుమారు నలుగురికి ఇలాంటి ఎగుడుదిగుళ్ళు మొదలవుతాయి.

మందు దిగడమంటే వణుకు ఒక్కటే అనుకోవద్దు. కారణం లేని కంగారు, చెమటలు పట్టడం, దిగులు, మాట సన్నబడటం, తెల్లవారుజామున కాలి వేళ్ళు ముడుచుకుని నొప్పెట్టడం కూడా అదే కావచ్చు. సాయంత్రం నాలుగింటికి మా నాన్నగారు ఎందుకో చిరాకుపడేవారు. మేం అది వయసు అనుకున్నాం. రాసి చూస్తే ఆ చిరాకు రోజూ మాత్రకు ముప్పావుగంట ముందు వస్తోంది.

దీనికి డాక్టరు దగ్గర మార్గాలు చాలానే ఉన్నాయి. మోతాదులను చిన్నవి చేసి దగ్గర దగ్గరగా ఇవ్వవచ్చు. ప్రతి లెవోడోపా మాత్రతోపాటు 200 మిల్లీగ్రాముల ఎంటకపోన్ చేర్చవచ్చు, అది మందును రక్తంలో ఎక్కువసేపు నిలుపుతుంది. మెదడులో డోపమిన్ త్వరగా కరిగిపోకుండా ఆపే రసాజిలిన్, సఫినమైడ్ లాంటివి ఉన్నాయి. రాత్రికి నెమ్మదిగా విడుదలయ్యే ‘సీఆర్’ మాత్ర ఉంది. సీఆర్ మాత్రను నలిపి, నమిలి ఇవ్వకూడదు. నలిపితే నెమ్మదిగా రావాల్సిన మందంతా ఒక్కసారే వస్తుంది.

మందు వేసిన గంటకు తల, భుజాలు నాట్యం చేసినట్టు ఊగుతున్నాయి. వణుకు పెరిగిందని ఇంకో అర మాత్ర ఇచ్చాం. సరేనా?

సరికాదు. ఈ రెండింటిని కలగలపడం ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు. వణుకు ఒకే లయలో ఉంటుంది, ఎక్కువగా చేయి ఊరికే ఉన్నప్పుడు వస్తుంది, మందు చాలనప్పుడు పెరుగుతుంది. మెలికలు తిరిగినట్టు, ఊగినట్టు, లయ లేకుండా వచ్చే కదలికను డిస్కైనీషియా అంటారు. అది సాధారణంగా మందు పూర్తిగా ఎక్కిన వేళ, అంటే వేసిన గంటా రెండు గంటల మధ్య కనిపిస్తుంది. అప్పుడు ఇంకో అర మాత్ర ఇస్తే మంట మీద నూనె పోసినట్టే. కొందరికి మందు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి వస్తుంది, దాని వైద్యం వేరు. అందుకే వచ్చిన సమయం రాయాలి, వీలైతే ఫోనులో ఒక నిమిషం వీడియో తీయాలి. మేం నోటితో అరగంట వర్ణించినా తేలని సంగతి మా డాక్టరుకు నలభై సెకన్ల వీడియోతో తేలిపోయింది.

కొద్దిపాటి ఊపు ఉన్నా నడవగలుగుతున్నందుకు రోగి సంతోషంగానే ఉండవచ్చు. చూసేవాళ్ళకే ఇబ్బందిగా ఉంటుంది. మోతాదు తగ్గించమని అడిగేముందు ఆయన్నే అడగండి. అమాంటడిన్ ఈ కదలికలను తగ్గించగలదు. దానితో చీలమండల వాపు, చర్మం మీద వలలాంటి ఊదారంగు మచ్చలు, కొందరిలో భ్రమలు రావచ్చు. రెండో మోతాదు సాయంత్రం కాకముందే వేస్తే నిద్ర చెడదు.

మూత్రం నారింజ రంగులో వస్తోంది.

ఎంటకపోన్ వాడుతుంటే అది మామూలే, హాని లేదు. లెవోడోపాతో చెమట, లాలాజలం కూడా నల్లబడి బట్టలకు మరకలు పడవచ్చు. ఎంటకపోన్‌తో విరేచనాలు ఆగకపోతే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

లేచి నిలబడగానే కళ్ళు తిరిగి పడబోతున్నారు. బీపీ చూస్తే కూర్చున్నప్పుడు బాగానే ఉంది.

పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన తర్వాత మూడు నిమిషాల్లోపు ఇంకోసారి చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిపోతే అది జబ్బు వల్లా, మందుల వల్లా వచ్చే సమస్యే. పాత బీపీ మాత్రలు ఇంకా అదే మోతాదులో నడుస్తున్నాయేమో ముందు చూడాలి. ప్రోస్టేటుకు ఇచ్చే కొన్ని మందులూ దీన్ని పెంచుతాయి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఇది ఎక్కువవుతుంది. నీళ్ళు, మజ్జిగ తగినంత తాగించండి, గుండె, మూత్రపిండాల జబ్బు లేకపోతే ఉప్పు ఎంత పెంచవచ్చో డాక్టరును అడగండి. మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయడం, లేచే ముందు మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోవడం కూడా పనికొస్తాయి.

గదిలో ఎవరో పిల్లలు ఉన్నారంటున్నారు. గాలి సోకిందేమోనని మా అత్తగారు భయపడుతున్నారు.

గాలీ కాదు, ధూళీ కాదు. జబ్బు వల్ల, మందుల వల్ల ఇలా కనిపిస్తుంది. తాయెత్తు కట్టించే ముందు మూత్ర పరీక్ష చేయించండి. మూత్రంలో ఇన్ఫెక్షను, ఒంట్లో నీరు తగ్గడం, జ్వరం, కొత్తగా చేరిన మందు, వీటిలో ఏదైనా ఒక్కరోజులో భ్రమలు తెప్పించగలదు. తర్వాత డాక్టరు ఒక్కొక్క మందునూ తగ్గించి చూస్తారు. సాధారణంగా ట్రైహెక్సిఫెనిడిల్ (పేసిటేన్), అమాంటడిన్, డోపమిన్ అగోనిస్టులు (డోపమిన్ పనిని అనుకరించే మందులు) ముందు తగ్గుతాయి, లెవోడోపా చివరికి. ఇంకా తగ్గకపోతే క్వెటియాపిన్, లేదా క్రమంగా రక్తపరీక్షలు చేస్తూ క్లోజపిన్ ఇస్తారు. భ్రమలకు ఇతరులకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ మాత్రం పార్కిన్సన్స్ ఉన్నవారిని కొయ్యలా బిగించేస్తాయి.

ఎన్నడూ పేకముక్క ముట్టని మనిషి రాత్రంతా ఫోనులో రమ్మీ ఆడుతున్నారు. డబ్బు పోతోంది. ఇంట్లో గొడవలు.

దయచేసి ఆయన్ను తిట్టకముందు మాత్రల డబ్బా చూడండి. ప్రమిపెక్సోల్, రొపినిరోల్ అనే డోపమిన్ అగోనిస్టులు కొందరిలో ఆపుకోలేని కోరికలు పుట్టిస్తాయి. జూదం, అదేపనిగా కొనడం, తిండి, లైంగిక వాంఛ, షేర్ల లావాదేవీలు, ఉన్న రేడియో విప్పి మళ్ళీ బిగించి మళ్ళీ విప్పడం, ఏదైనా కావచ్చు. 3,090 మంది రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో అగోనిస్టులు వాడేవారిలో సుమారు 17 శాతం మందికి, వాడనివారిలో సుమారు 7 శాతం మందికి ఇలాంటి ప్రవర్తన కనిపించింది.

పరువుకు భయపడి మన ఇళ్ళలో దీన్ని నాలుగు గోడలు దాటనివ్వరు. లైంగిక విషయమైతే భార్య ఒక్కతే మోస్తుంది. నాకు ఫోను చేసిన ఒక ఆవిడ, పెళ్ళయిన నలభై ఏళ్ళకు భర్త మారిపోయాడనుకుని పుట్టింటికి వెళ్ళిపోయారు. మోతాదు తగ్గించిన కొన్ని నెలలకు ఆయన మళ్ళీ ఆయనయ్యారు. ఇది స్వభావం మారడం కాదు, మందు చేసిన పని. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. మాత్రను ఒక్కసారిగా ఆపితే తీవ్రమైన ఆందోళన, నొప్పులు, దిగులు వస్తాయి కాబట్టి ఆయన చెప్పిన మెట్ల ప్రకారమే తగ్గించాలి. ఈ మందులతో కూర్చున్నచోటే ఉన్నట్టుండి నిద్ర ముంచుకొస్తుంది కూడా. అలా జరిగితే స్కూటరు, కారు తాళాలు తీసేసుకోండి.

పేసిటేన్ పదేళ్ళుగా వేస్తున్నాం. మానాలా?

అదే ట్రైహెక్సిఫెనిడిల్. చిన్న వయసులో వణుకు ఎక్కువగా ఉన్నవారికి ఉపయోగం ఉంటుంది. డెబ్బై దాటినవారిలో మతిమరుపు, తికమక, నోరెండటం, మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం తెస్తుంది, కొన్ని రకాల గ్లకోమాలో (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ప్రమాదం. మతిమరుపు జబ్బు వల్లనే అనుకుంటున్నవారు ఈ మాత్ర సంగతి తప్పక అడగండి. ఇదీ మెల్లగానే తగ్గించాలి.

వేరే డాక్టర్లు ఇచ్చే మందులతో ఇబ్బంది ఉంటుందా?

చాలా ఉంటుంది. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, గ్యాసు మాత్రల్లో కలిసి వచ్చే లెవోసల్పిరైడ్, తలతిప్పుకు ఏళ్ళ తరబడి వాడే సిన్నారిజిన్, ఫ్లూనారిజిన్ డోపమిన్ పనిని అడ్డుకుంటాయి. జబ్బు లక్షణాలను పెంచుతాయి, జబ్బు లేనివారికి కూడా అచ్చం ఇలాంటి లక్షణాలే తెప్పిస్తాయి. గ్యాసుకని ఒకచోట రాసిన క్యాప్సూల్ రెండు నెలలు వాడితే మా నాన్నగారు మంచం దిగలేకపోయారు. రాసిన చీటీలో పేరు చిన్న అక్షరాల్లో ఉంది, మేం చదవలేదు. ఆపిన కొన్ని వారాలకు మెల్లగా తేరుకున్నారు.

రసాజిలిన్, సెలెజిలిన్, సఫినమైడ్ వాడేవారికి నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, పెథిడిన్ ఇవ్వకూడదు. దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ కూడా అంతే. దిగులుకు ఇచ్చే కొన్ని మందులతోనూ జాగ్రత్త అవసరం. మేం ఈ పేర్లన్నీ ఒక అట్ట మీద రాసి నాన్నగారి జేబులో పెట్టాం, పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళినా అది ముందు బల్ల మీద పెడతాం.

దూలగొండి గింజల పొడి వాడవచ్చా? అది సహజమైనది కదా.

దూలగొండిలో ఉన్నదీ లెవోడోపాయే. ఆ గింజల నుంచి లెవోడోపాను వేరుచేసినట్టు 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి ప్రచురించారు. అంటే మన పెద్దలు కంపవాతానికి దాన్ని వాడటంలో అర్థం ఉంది. కానీ ఒక చెంచాలో ఎంత మందు ఉందో డబ్బా డబ్బాకూ మారుతుంది, కార్బిడోపా రక్షణ ఉండదు. మాత్రకు తోడుగా చెప్పకుండా వాడితే, మోతాదు ఎంతో తెలియకుండానే పెంచినట్టవుతుంది. వాడుతుంటే డాక్టరు దగ్గర దాచకండి.

ఏకాదశి ఉపవాసం, రంజాన్, ఆపరేషనుకు ముందు ‘ఏమీ తీసుకోవద్దు’. అప్పుడు మాత్రలు?

మాత్రలు ఉన్నట్టుండి ఆగితే ఒళ్ళంతా బిగుసుకుపోయి, తీవ్ర జ్వరం, స్పృహ తప్పడం రావచ్చు. అది ప్రాణాపాయం. ఉపవాసం చేసినా నీళ్ళతో మాత్ర వేసుకోవాలి, అంతకన్నా కఠినంగా ఉండాలనుకుంటే ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఆపరేషనుకు ముందు మత్తు డాక్టరుకు మాత్రల వేళలు చెబితే గుక్కెడు నీళ్ళతో వేయడానికి సాధారణంగా ఒప్పుకుంటారు. మింగలేని స్థితిలో ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే మార్గం ఉంది. ఆసుపత్రిలో చేర్చినప్పుడు వార్డు వేళలు మన వేళలకు కుదరవు. పదకొండున్నర మాత్ర పదకొండున్నరకే పడాలని నర్సుకు నమ్రతగా, గట్టిగా చెప్పండి.

అమెరికాలో పిల్లల దగ్గరకు వెళుతున్నారు. అక్కడి మాత్ర ఏది?

అక్కడ కార్బిడోపాను ముందు రాస్తారు. అక్కడి ‘25–100’ మన 125తో సమానం, ‘25–250’ మన 275. విమానంలో మాత్రలు చేతిసంచిలోనే ఉంచుకోండి, ప్రయాణంలో ఊరి గడియారం చూడకుండా మాత్రకూ మాత్రకూ మధ్య గంటలే లెక్కపెట్టండి.

డాక్టరుకు చూపించడానికి ఏమి రాయాలి?

వెళ్ళేముందు మూడు రోజులు చాలు. పుస్తకంలో పేజీకి ఒక రోజు. ఎడమ పక్క ఉదయం ఐదు నుంచి రాత్రి పది వరకు గంటలు. ప్రతి గంట ఎదురుగా ఒకే మాట: బాగున్నారు, బిగుసుకున్నారు, ఊగారు, నిద్రపోయారు. మాత్ర వేసిన చోట గీత, తిన్నచోట ఏం తిన్నారో. చివర బీపీ, విరేచనం, పడిపోతే ఎన్నిసార్లు. మా మొదటి పేజీల్లో కథలు రాసేదాన్ని, డాక్టరు వాటిని చదివే వీలు లేక పక్కన పెట్టేవారు. ఇలా గళ్ళు గీసి తీసుకెళ్ళిన రోజు ఆయన పేజీ మీద వేలు పెట్టి, మధ్యాహ్నం రెండింటి నుంచి మూడున్నర వరకు ఉన్న ‘బిగుసుకున్నారు’ల మీదుగా కిందికి జరిపి, ఒంటిగంటన్నర మాత్రను ఒంటిగంటకు జరిపారు. ఆ వారంలో నాన్నగారు మధ్యాహ్నం తానే లేచి వీధి గేటు దాకా నడిచారు.